పాప ఎన్ని గ్రాములు పెరిగింది? నెల తక్కువ పిల్లల పాలపై పరిశోధనలు ఏం తేల్చాయి

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ ఏ పిల్లల ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడినా పొద్దున్నే ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఇవాళ ఎన్ని గ్రాములు?" లోపల ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, బిడ్డ ఉంటుంది. బయట ఫ్లాస్కు, క్యారియర్ పట్టుకుని ఇంటిల్లిపాదీ ఉంటారు. మా పిన్ని కూతురికి 31 వారాలకే కాన్పు అయ్యి, 1,240 గ్రాముల పాప పుట్టినప్పుడు ఆ మెట్ల మీద మేమూ కూర్చున్నాం. పాపను బాక్సులో, అంటే ఇంక్యుబేటర్‌లో పెట్టారు. ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలన్నీ గ్రాముల్లోనే నడిచాయి. పదిహేను పెరిగిందంటే పండగ. పది తగ్గిందంటే ఎవరికీ అన్నం సహించేది కాదు.

సరిగ్గా అప్పుడే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. అమెరికాలో డబ్బా పాలు పట్టిన నెల తక్కువ బిడ్డకు పేగులు దెబ్బతిన్నాయని, కోర్టు ఆ కంపెనీని వేల కోట్లు కట్టమందని దాని సారాంశం. అదే రోజు మధ్యాహ్నం డాక్టరు గారు, తల్లిపాలు సరిపోకపోతే కొన్ని రోజులు ఫార్ములా, అంటే డబ్బా పాలు, కలపాల్సి రావచ్చని, తల్లిపాలలో కూడా ఒక పొడి కలుపుతామని చెప్పారు. పిన్ని ముఖం పాలిపోయింది. అమృతం లాంటి తల్లిపాలలో పొడి ఎందుకు? కోర్టు తప్పు పట్టిన పాలు మన బిడ్డకెందుకు? ఆ టెన్షన్‌లో ఎవరూ నిదానంగా జవాబు చెప్పలేకపోయారు. తర్వాత నేను ఈ పరిశోధనలన్నీ కూర్చుని చదివాను. ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే మాటల్లో చాలావరకు నిజాలే. ఒక్కో పరిశోధన ఒక్కోదాన్ని కొలిచింది. ఒకటి బరువును, ఒకటి పేగులను, ఇంకొకటి ఐదేళ్ళ తర్వాత తెలివితేటలను. ఏది దేన్ని కొలిచిందో విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

నెల తక్కువ వేరు, బరువు తక్కువ వేరు

37 వారాలు నిండకముందే పుడితే నెల తక్కువ బిడ్డ. అందులో 32 నుంచి 37 వారాల మధ్య పుట్టినవాళ్ళు ఒక రకం, 28 నుంచి 32 లోపు ఇంకొంచెం కష్టం, 28 కంటే ముందు పుడితే అత్యంత కష్టం. ఇది కాలం లెక్క. బరువు లెక్క వేరే ఉంది. 2,500 గ్రాముల లోపు పుడితే తక్కువ బరువు, 1,500 లోపు అయితే చాలా తక్కువ బరువు.

రెండూ కలిపేస్తే ఎక్కడ తప్పుతామో ఒక ఉదాహరణ చూద్దాం. పక్కపక్క మంచాల మీద ఇద్దరు పిల్లలు ఉన్నారు, ఇద్దరూ 1,800 గ్రాములే. ఒకరు 32 వారాలకు, ఒకరు 38 వారాలకు పుట్టారు. మొదటి బిడ్డ ఆ వారానికి ఉండాల్సిన బరువే ఉంది, కానీ పేగులు, ఊపిరితిత్తులు ఇంకా సిద్ధం కాలేదు. రెండో బిడ్డ అవయవాలు తయారయ్యాయి గానీ కడుపులో ఉండగా ఆహారం సరిగా అందలేదు. రెండో బిడ్డ మొదటి రోజే రొమ్ము పట్టవచ్చు, మొదటి బిడ్డకు ట్యూబు కావాలి. తూకం ఒకటే అయినా అవసరాలు వేరు.

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 34 లక్షల మంది నెల తక్కువగా పుట్టారు. వాళ్ళలో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే. అంటే ఇది ఎక్కడో ఎవరికో వచ్చే కష్టం కాదు.

ఇక్కడ ఒక పాత నమ్మకం గురించి చెప్పాలి. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అని మన పెద్దవాళ్ళు అంటారు. 31 వారాలంటే ఎనిమిదో నెల. మా అమ్మమ్మ ఆ మాట పైకి అనలేదు గానీ ఆమె మౌనంలో అదే ఉంది. వాస్తవం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కడుపులో ఉన్న ప్రతి అదనపు వారమూ బిడ్డ బతికే అవకాశాన్ని పెంచుతుంది. ఎనిమిదో నెల ఏడో నెల కంటే ఎప్పుడూ మేలే.

బొడ్డుతాడు చేసే పని బయట చేయాలంటే

ఆ వయసులో కడుపులో ఉన్న బిడ్డ తన బరువులో ప్రతి కిలోకు రోజుకు 15 నుంచి 20 గ్రాములు పెరుగుతుంది. అందుకు కావాల్సిందంతా బొడ్డుతాడు గుండా వస్తుంది. నోటితో, పొట్టతో పని లేదు. పుట్టగానే అది ఆగిపోతుంది. చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ ఒక లయలో కుదరడానికి సుమారు 34 వారాలు పడుతుంది. అందాకా ముక్కు గుండా గానీ నోటి గుండా గానీ సన్నటి ట్యూబుతో పాలు పంపుతారు. కొంచెం కుదురుకున్నాక, చాలాచోట్ల, మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఉగ్గుగిన్నె లాంటి గిన్నెతోనే పట్టిస్తారు. ఆసుపత్రి వాళ్ళు దాన్ని పాలాడై అంటారు. సీసా కంటే అదే మంచిదని నర్సమ్మ చెప్పినప్పుడు అమ్మమ్మకు మొదటిసారి ఆ వార్డులో తనకు తెలిసింది ఒకటి కనబడింది.

మొదటి వారంలో బరువు తగ్గడం మామూలే. ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోవడం అందుకు ప్రధాన కారణం. నెల తక్కువ పిల్లలు పుట్టిన బరువులో 10 నుంచి 15 శాతం దాకా తగ్గి, రెండు వారాలకు అటూ ఇటూగా మళ్ళీ అక్కడికి చేరుకుంటారు. మా పాప ఐదో రోజుకు 1,110కి దిగింది. అంటే పదిన్నర శాతం తగ్గింది. మాకు అది ప్రళయంలా అనిపించింది, డాక్టరు గారి చార్టులో మాత్రం ఉండాల్సిన చోటే ఉంది.

తల్లిపాలలో పొడి ఎందుకు కలుపుతారు

పిన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. దీనికి జవాబు లెక్క వేస్తేనే తెలుస్తుంది. సులువుగా ఉండటానికి బిడ్డ 1,200 గ్రాములు అనుకుందాం.

యూరప్ పిల్లల పోషకాహార నిపుణుల సంఘం ఎస్పగాన్ 2022 సిఫారసుల ప్రకారం ఇలాంటి బిడ్డకు రోజుకు కిలోకు కనీసం 115 కిలోక్యాలరీల శక్తి, 3.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. మన బిడ్డకు అది 138 కిలోక్యాలరీలు, 4.2 గ్రాములు అవుతుంది. కిలోకు 180 మిల్లీలీటర్ల చొప్పున పాలు పడితే రోజుకు 216 మిల్లీలీటర్లు. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 67 కిలోక్యాలరీలు ఉంటాయి. కాబట్టి వచ్చే శక్తి 145 కిలోక్యాలరీలు. సరిపోయింది. ఇక ప్రోటీన్. వంద మిల్లీలీటర్లకు 1.2 గ్రాములు అనుకుంటే 216కు వచ్చేది 2.6 గ్రాములు. కావాల్సింది 4.2.

లోటు పాలు ఎక్కువ పట్టి తీర్చలేమా? అప్పుడు రోజుకు 350 మిల్లీలీటర్లు కావాలి. బిడ్డ బరువులో పావు వంతు కంటే ఎక్కువ. 60 కిలోల మనిషి రోజుకు 17 లీటర్లు తాగినట్టు! ఆ పసి గుండె, ఆ మూత్రపిండాలు అంత నీటిని తట్టుకోలేవు. కాల్షియం, ఫాస్ఫరస్ సంగతీ ఇంతే. ఎముకలకు కావాల్సినవి కడుపులో చివరి మూడు నెలల్లోనే ఎక్కువగా చేరతాయి. ముందే పుట్టిన బిడ్డకు ఆ నిల్వ లేదు.

అందుకే తల్లిపాలలో ఫార్టిఫయర్ అనే పొడి కలుపుతారు. తల్లిపాలు నాసిరకమైనవని దీని అర్థం కాదు. అవి నెలలు నిండిన బిడ్డకు సరిగ్గా కుదిరిన ఆహారం. పైగా ముందే కాన్పు అయిన తల్లి పాలలో మొదటి వారాల్లో ప్రోటీన్ కాస్త ఎక్కువే ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. ఇక్కడ సమస్య బిడ్డ చిన్న పొట్టది, ఆ పొట్ట పట్టగలిగే కొలతది.

మరి పరిశోధనలు ఏమంటున్నాయి? పొడి కలిపితే ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బరువు, పొడవు, తల చుట్టుకొలత కొంచెం మెరుగ్గా పెరుగుతాయి. పేగుల జబ్బు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఏళ్ళ తర్వాత తేడా ఉంటుందా అంటే దానికి ఆధారాలు పలచగా ఉన్నాయి. ఈ పొడి మామూలుగా ఆవుపాల ప్రోటీన్‌తో తయారవుతుంది. మనిషి పాలతో తయారైన ఫార్టిఫయర్ కూడా ఉంది, చాలా ఖరీదు. అది మేలని వాదించేవాళ్ళకు ఒక బలమైన తర్కం ఉంది: ఆవుపాల ప్రోటీనే పసి పేగులకు చెరుపు చేస్తుందేమోనని. దాన్ని పరీక్షించడానికి స్వీడన్‌లో 228 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. ఆ పిల్లలందరూ తల్లిపాలు గానీ, దాత పాలు (వేరే తల్లులు దానమిచ్చిన పాలు) గానీ తాగుతున్నవాళ్ళే. పేగుల జబ్బు, రక్తంలో ఇన్‌ఫెక్షన్, మరణం, ఈ మూడింటినీ కలిపి చూస్తే రెండు పొడుల మధ్య తేడా కనిపించలేదు. నా ఉద్దేశంలో, అప్పు చేసి ఖరీదైన పొడి కొనలేకపోయామని బాధపడే తల్లిదండ్రులకు ఈ ఫలితం తెలియాలి.

డబ్బా పాలు, పేగుల జబ్బు, కోర్టు తీర్పులు

ఇప్పుడు అసలు చిక్కు. నెక్రోటైజింగ్ ఎంటెరోకోలైటిస్, డాక్టర్లు పొట్టిగా ఎన్‌ఈసీ అంటారు. నెల తక్కువ పిల్లల పేగు గోడలు వాచి, కొన్నిసార్లు కుళ్ళి, చిల్లు పడే జబ్బు. ఎంత ముందుగా పుడితే ముప్పు అంత ఎక్కువ. తల్లిపాలు తాగే పిల్లలకూ రావచ్చు, కానీ తక్కువగా వస్తుంది.

ఈ సంగతి 1990 నుంచీ తెలుసు. ఇంగ్లండ్‌లో 926 మంది నెల తక్కువ పిల్లలను గమనించి ఆ ఏడాది ప్రచురించిన అధ్యయనంలో, కేవలం ఫార్ములా తాగిన పిల్లలకు కేవలం మనిషి పాలు తాగిన పిల్లల కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా ఈ జబ్బు కనిపించింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పాలు ఇవ్వగలిగిన తల్లులకూ, ఇవ్వలేకపోయిన తల్లులకూ మధ్య వేరే తేడాలు చాలా ఉండవచ్చు. తల్లి జబ్బు పడి ఉండవచ్చు, బిడ్డ మరీ బలహీనంగా ఉండవచ్చు. తేడా పాలదేనా, మిగతావాటిదా? దాన్ని తేల్చాలంటే చీటీలు వేసినట్టు పిల్లలను రెండు గుంపులుగా విడదీసి చూడాలి. తల్లి సొంత పాల విషయంలో అలా చేయడం ధర్మం కాదు. కానీ తల్లిపాలు చాలనప్పుడు మిగతా భాగం దేనితో నింపాలి అన్న విషయంలో చేయవచ్చు. దాత తల్లుల పాలతోనా, ఫార్ములాతోనా?

అమెరికాలో 15 ఆసుపత్రులు 483 మంది అత్యంత చిన్న పిల్లలతో సరిగ్గా అదే చేశాయి. 29 వారాల కంటే ముందు గానీ, కిలో కంటే తక్కువ బరువుతో గానీ పుట్టిన పిల్లలు వాళ్ళు. 2024లో ఫలితాలు వచ్చాయి. ఎన్‌ఈసీ దాత పాల గుంపులో 4.2 శాతం మందికి, ఫార్ములా గుంపులో 9 శాతం మందికి వచ్చింది. బరువు మాత్రం ఫార్ములా గుంపులోనే త్వరగా పెరిగింది. రెండేళ్ళ వయసు దగ్గర తెలివితేటల పరీక్షలో దాత పాల గుంపుకు సగటున 80.7, ఫార్ములా గుంపుకు 81.1. అంటే తేడా లేనట్టే.

ఈ ఒక్క అధ్యయనంలోనే మా మెట్ల మీది గొడవంతా ఉంది. "ఫార్ములాతో పిల్లలు బరువు పెరుగుతారు" అన్నవాళ్ళూ నిజమే చెప్పారు. "మనిషి పాలే పేగులకు రక్ష" అన్నవాళ్ళూ నిజమే చెప్పారు. తూకం మీద గెలిచింది ఒకటి, పేగుల దగ్గర గెలిచింది ఇంకొకటి. దాత పాలతో పెరుగుదల మందగించడానికి కారణాలు ఉన్నాయి. ఆ తల్లులు ఎక్కువగా నెలలు నిండి కాన్పు అయి చాలాకాలమైన వాళ్ళు, వాళ్ళ పాలలో ప్రోటీన్ తక్కువ. పైగా క్రిములు చావడానికి 62.5 డిగ్రీల వద్ద అరగంట వేడి చేసినప్పుడు కొన్ని మేలు చేసే పదార్థాలూ తగ్గిపోతాయి.

ఇక కోర్టుల సంగతి. 2024 మార్చిలో ఇల్లినాయ్‌లో ఒక జ్యూరీ ఒక కంపెనీని 6 కోట్ల డాలర్లు, జులైలో సెయింట్ లూయిస్‌లో ఇంకో జ్యూరీ ఇంకో కంపెనీని 49.5 కోట్ల డాలర్లు, అంటే సుమారు 4,100 కోట్ల రూపాయలు కట్టమన్నాయి. మా గ్రూపుకు వచ్చింది ఈ వార్తే. అదే ఏడాది అక్టోబరులో మూడో జ్యూరీ కంపెనీల తప్పు లేదంది, తర్వాత జడ్జి ఆ కేసును మళ్ళీ విచారించాలన్నారు. ఆ కేసుల్లో ముఖ్యమైన ఆరోపణ, ముప్పు సంగతి కంపెనీలు సరిగా హెచ్చరించలేదని. 2024 అక్టోబరులోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఎఫ్‌డీఏ, సీడీసీ, ఎన్‌ఐహెచ్ కలిసి ఒక ప్రకటన చేశాయి. ఫార్ములా వల్లే ఎన్‌ఈసీ వస్తుందనడానికి నిర్ధారిత ఆధారం లేదు, మనిషి పాలు దాని నుంచి కాపాడతాయనడానికి బలమైన ఆధారం ఉంది అని.

ఈ రెండు మాటల మధ్య తేడా ఏమిటి? వర్షంలో గొడుగు లేని మనిషి తడిశాడు. తడవడానికి కారణం గొడుగు లేకపోవడమే అనవచ్చు, కానీ తడిపింది వాన. ఫార్ములా వానా, లేక గొడుగు లేకపోవడమా అన్నదే శాస్త్రవేత్తల మధ్య వివాదం. ఫార్ములాలోని ఏదో పదార్థమే పేగును గాయపరుస్తుందని కొందరు, తల్లిపాలలోని రక్షణ అందకపోవడమే అసలు లోటని కొందరు. బిడ్డ తల్లిదండ్రులకు మాత్రం ఈ రెండు వాదాలూ ఒకే చోటికి చేరతాయి. తల్లిపాలు మొదట, అవి చాలకపోతే దాత పాలు, అవీ దొరకకపోతే నెల తక్కువ పిల్లల కోసం తయారుచేసిన ఫార్ములా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వరస కూడా ఇదే. ఆకలితో ఉంచడం ఈ వరసలో ఎక్కడా లేదు. నీళ్ళు కలిపిన గేదెపాలూ లేవు.

చిక్కల్లా ఆ రెండో మెట్టు దగ్గరే. ఆసియాలో మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టారు. హైదరాబాద్ నీలోఫర్‌లో ఒకటి ఉంది. మన దేశంలో నెల తక్కువగా పుట్టే లక్షల మందితో పోలిస్తే ఇలాంటి బ్యాంకులు చాలా తక్కువ. కాబట్టి తల్లి దగ్గర పాలు పడటానికి ఏం చేయగలమన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ముర్రుపాలు పిండి పారబోయడం, పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వడం ఈ చోట బిడ్డకు నష్టం చేస్తాయి. నెల తక్కువ బిడ్డకు ఆ అర చెంచా ముర్రుపాలు మందు లాంటివి.

రోజుకు ఎంత పెంచాలి

పాలు త్వరగా పెంచితే పేగులు దెబ్బతింటాయన్న భయం డాక్టర్లలో చాలాకాలం ఉంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో 2,804 మంది పిల్లలతో చేసిన సిఫ్ట్ అధ్యయనం 2019లో దీనికి జవాబిచ్చింది. రోజుకు కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున పెంచినా, 18 చొప్పున పెంచినా ఎన్‌ఈసీలో గానీ, రెండేళ్ళకు వైకల్యం లేకుండా బతికి ఉండటంలో గానీ తేడా తేలలేదు. పూర్తి పాలకు చేరడానికి పట్టిన కాలం మాత్రం 7 రోజులు, 10 రోజులు. మన 1,200 గ్రాముల బిడ్డకు రెండు గంటలకోసారి పట్టే పాలలో ఆ తేడా ఎంతో తెలుసా? ఒకదాంట్లో ప్రతిసారీ 3 మిల్లీలీటర్లు పెరుగుతుంది, ఇంకోదాంట్లో 1.8. మూడు రోజులు ముందుగా సెలైన్ సూది తీసేయడం చిన్న విషయం కాదు. అయినా "పక్క బాక్సు పాపకు ఎక్కువ పడుతున్నారు" అని కంగారుపడాల్సిన పనీ లేదు.

పాల కంటే ముందు ఒంటి వెచ్చదనం

1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు తల్లుల గుండెల మీదే పిల్లలను కట్టి ఉంచమన్నారు. అదే కంగారూ పద్ధతి. బిడ్డ కుదురుకున్నాకే అలా పెట్టాలని చాలాకాలం అనుకున్నారు. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఒక్కో ఆసుపత్రి కలిసి 1 నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది పిల్లలతో, పుట్టగానే అలా పెడితే ఏమవుతుందో చూశాయి. ఇండియా నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ పాల్గొంది. 2021లో వచ్చిన ఫలితం: నెల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. మేలు ఎంత స్పష్టంగా కనబడిందంటే అధ్యయనాన్ని ముందే ఆపేశారు.

దీన్ని పేపర్లు "మరణాలు 25 శాతం తగ్గాయి" అని రాశాయి. తప్పేం కాదు, కానీ విడమర్చి చూడాలి. నూరు మంది పిల్లల్లో 16 మంది దాకా పోయేవాళ్ళు 12 మంది అయ్యారు. అంటే దాదాపు నలుగురు మిగిలారు. ఇంకోలా చెబితే 27 మందిని అలా గుండెకు హత్తుకుంటే ఒక ప్రాణం అదనంగా నిలిచింది. ఖరీదైన మందు ఏదీ లేకుండా ఇంత మేలు చేసిన పద్ధతులు వైద్యంలో అరుదు. బిడ్డ ఒంటికి తగిలితే తల్లికి పాలు చేపుకు రావడం కూడా దీనితో ముడిపడిందే. మా చెల్లికి నాలుగు రోజులు పంపుతో పిండినా నాలుగు చెంచాలు రాలేదు. పాపను గుండె మీద పెట్టిన సాయంత్రం నైటీ తడిసింది. అది ఒక్క ఇంటి అనుభవం, దాన్ని రుజువుగా చూపించను. కానీ ఆ సాయంత్రం ఆమె నవ్వింది.

ఊపిరితిత్తుల్లో ఓడి, బడి వయసులో గెలిచిన చుక్కలు

డీహెచ్‌ఏ అనే కొవ్వు మెదడు పెరుగుదలకు అవసరం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, సింగపూర్‌లలో 29 వారాల లోపు పుట్టిన 1,273 మంది పిల్లలతో దాన్ని చుక్కల మందుగా పరీక్షించారు. అది ఊపిరితిత్తుల జబ్బును తగ్గిస్తుందేమోనని ఆశ. 2017లో ఫలితం వచ్చింది. తగ్గించలేదు, పైగా కొంచెం పెంచిందేమోనన్న అనుమానం మిగిలింది. కథ అక్కడితో ముగిసిందనుకున్నారు. కానీ అందులో కొందరు పిల్లలను ఐదేళ్ళ వయసులో మళ్ళీ పిలిచి చూస్తే, డీహెచ్‌ఏ తీసుకున్నవాళ్ళ ఐక్యూ సగటు 95.4, తీసుకోనివాళ్ళది 91.9. ఇది 2022లో తెలిసింది. ఒకే చుక్కలు, ఒకే పిల్లలు. పసితనంలోనే ఆగి చూస్తే ఒక తీర్పు, ఐదేళ్ళ దగ్గర చూస్తే ఇంకో తీర్పు. ఊపిరితిత్తుల మీద ఉన్న అనుమానం వల్ల దీన్ని అందరు పిల్లలకూ ఇవ్వాలా అన్న చర్చ ఇంకా నడుస్తోంది.

ప్రోబయోటిక్స్, అంటే పేగులకు మేలు చేస్తాయని ఇచ్చే సూక్ష్మజీవుల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. ఒడిశాలో నాలుగున్నర వేల మంది పసిపిల్లలతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ఇన్‌ఫెక్షన్), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4కు తగ్గాయి. కానీ వాళ్ళు రెండు కిలోలు, అంతకంటే ఎక్కువ బరువున్న పిల్లలు. ఇంగ్లండ్‌లో మరీ చిన్న పిల్లలకు వేరే సూక్ష్మజీవిని ఇచ్చి చూస్తే ఏ లాభమూ లేదు. 2023లో ఒక నెల తక్కువ బిడ్డ మరణం తర్వాత అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. బిడ్డ వేరు, సూక్ష్మజీవి వేరు. వీటన్నిటినీ "ప్రోబయోటిక్ మంచిదా కాదా" అన్న ఒక్క ప్రశ్నలో కుక్కితే జవాబు రాదు.

ఇంటికి వచ్చాక ఏ వయసు లెక్క

మా పాప పన్నెండో రోజుకు పుట్టిన బరువుకు చేరింది. ఆ తర్వాత రోజుకు ఇరవై గ్రాముల చొప్పున పుంజుకుంది. మధ్యలో రెండు రోజులు ఫార్ములా పట్టారు, పొడి కలిపారు. ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త తూకం పెట్టినప్పుడల్లా పిన్ని పక్కింటి పిల్లతో పోల్చి దిగులుపడేది. ఆరు నెలలు వచ్చినా బోర్లా పడలేదని ఒక రోజు ఫోన్ చేసింది.

అప్పుడు నేను ఆమెతో కాగితం మీద లెక్క వేయించాను. నెలలు నిండటం అంటే 40 వారాలు. పాప పుట్టింది 31కి, అంటే 9 వారాలు ముందు. ఆరు నెలలంటే 26 వారాలు. అందులోంచి 9 తీసేస్తే 17, అంటే నాలుగు నెలలు. టీకాలకు పుట్టిన తేదీ లెక్కే. బరువుకు, బోర్లా పడటానికి, కూర్చోవడానికి మాత్రం ఈ సరిచేసిన వయసే చూడాలి. "అయితే నాలుగు నెలల పిల్లకు ఈ బరువు సరిపోయిందా?" అంది పిన్ని. చార్టు మీద నాలుగో నెల దగ్గర చుక్క పెట్టి చూసుకుంది. సరిపోయింది.